చలికాలంలో పాలీహౌస్: కర్టెన్లు కట్టేస్తే పంటకు చలి తగ్గదు, తెగులు పెరుగుతుంది

దీపావళి దాటి నాలుగు రోజులు చలిగాలి తిరిగిందంటే చాలు, పాలీహౌస్ (పాలిథిన్ కప్పి లోపల పంట పెంచే ఇల్లు) రైతుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. చేవెళ్ళ నుంచి వచ్చినా, వికారాబాద్ నుంచి వచ్చినా, గజ్వేల్ నుంచి వచ్చినా మాట ఒకటే. "సార్, రాత్రి చలి బాగా పెట్టింది. నాలుగు వైపులా కర్టెన్లు దించి కట్టేశాం. అయినా కీర ఆకుల మీద పసుపు మచ్చలు లేస్తున్నాయి. ఏం కొట్టమంటారు?" కర్టెన్లంటే పాలీహౌస్ పక్కల ఎత్తే, దించే తెరలు. వాటిని కట్టేసినందుకే ఆ మచ్చలు లేచాయని చెబితే అవతలి మనిషి కాసేపు మాట్లాడడు. మొక్కను కాపాడుకోవాలనే కదా ఆ పని చేసింది. అప్పు తెచ్చి కట్టిన పాలీహౌస్, ఖరీదు పెట్టి తెచ్చిన నారు. చలికి భయపడడంలో తప్పేమీ లేదు. కానీ మన ప్రాంతంలో చలికాలం పంటను ఎక్కువగా పాడు చేసేది చలి కాదు, తడి. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం నష్టం ఆగుతుంది. అందుకే మిగతా అపోహల కంటే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: చలికాలంలో పాలీహౌస్ ఎంత గట్టిగా మూస్తే పంట అంత భద్రం.

ఈ నమ్మకం వీడియోల నుంచి వచ్చింది. లద్దాఖ్‌లో మూడు వైపులా మందపాటి మట్టి గోడలు లేపి, దక్షిణం వైపు మాత్రం పాలిథిన్ కప్పి, గడ్డకట్టే చలిలో పాలకూర పండిస్తారు. అక్కడ బయట మైనస్ 20 డిగ్రీలు. పగటి ఎండను ఆ గోడలు దాచుకుని రాత్రి వదులుతాయి. అక్కడ మూయడమే సరైన పని. నెదర్లాండ్స్‌లో అయితే గాజు ఇల్లు, లోపల వేడినీటి పైపులు, కంప్యూటర్ నడిపే కిటికీలు. అవి చూసి మన రైతు కర్టెన్లు కట్టేస్తున్నాడు. మనది సహజ గాలితో నడిచే పాలీహౌస్. 200 మైక్రాన్ల పాలిథిన్ ఫిల్మ్, పక్కల 40 మెష్ (అంగుళానికి 40 కన్నులున్న) నెట్, పైకప్పులో గాలి పోయే సందు, అదే టాప్ వెంట్. గోడలూ లేవు, హీటరూ లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల జనవరిలో రాత్రి సగటున 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. చలి ముదిరిన రోజుల్లో 10 కిందికి పోతుంది. పగలు మాత్రం 28, 29. ఈ వాతావరణంలో గట్టిగా మూస్తే ఏమవుతుందో చూడండి.

ముందు తడి సంగతి. వేడి గాలి ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకుంటుంది, చల్లగాలి పట్టుకోలేదు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో 30 గ్రాముల దాకా ఆవిరి ఉండగలదు. 15 డిగ్రీల దగ్గర 13 గ్రాములు కూడా ఉండదు. పగలంతా మొక్కలు వదిలిన ఆవిరి, బెడ్ల నుంచి లేచిన ఆవిరి లోపలే ఉండగా సాయంత్రం కర్టెన్లు కట్టేస్తే, రాత్రి చల్లబడేకొద్దీ ఆ నీళ్ళు ఎటు పోవాలి? ఫిల్మ్ లోపలి వైపు బొట్లు కడతాయి. అక్కడి నుంచి ఆకుల మీద, పూల మీద, పిందెల మీద కురుస్తాయి. తేమ 90 శాతం ఉన్నప్పుడు గాలి రెండు డిగ్రీలు చల్లబడితే చాలు, ఆకు మీద మంచు పడుతుంది. కీరకు బూజు తెగులు రావడానికి కావలసింది సరిగ్గా ఇదే: తడిసిన ఆకు, 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం, కొన్ని గంటల సమయం. మీరు కర్టెన్లు కట్టి ఆ మూడూ సమకూర్చారు.

పోనీ, లోపల వెచ్చగా అయినా ఉంటుందా? మబ్బు లేని, గాలి లేని రాత్రి మామూలు పాలిథిన్ ఫిల్మ్ నేల వేడిని చాలావరకు ఆకాశంలోకి వదిలేస్తుంది. అలాంటి రాత్రుల్లో తెల్లవారుజామున లోపలి ఉష్ణోగ్రత బయటితో సమానంగా ఉంటుంది, ఒక్కోసారి ఒక డిగ్రీ తక్కువ కూడా ఉంటుంది. నా మాట నమ్మక్కర్లేదు. కనిష్ఠం, గరిష్ఠం చూపించే థర్మామీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఒకటి లోపల మొక్కల తలల ఎత్తున, ఎండ తగలని చోట కట్టండి. ఒకటి బయట కట్టండి. వారం రోజులు రాసుకోండి.

ఇక పగలు. ఉదయం 10 అయినా కర్టెన్లు ఎత్తని పాలీహౌస్‌లు ఎన్నో చూశాను. బయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 420 పాళ్ళు) ఉంటుంది. గుబురుగా పెరిగిన పంట ఉన్న మూసిన ఇంట్లో ఎండ పడితే అది 200 దిగువకు కూడా పడిపోతుంది. ఎండ ఉంది, నీళ్ళున్నాయి, ఎరువుంది, మొక్కకు అన్నం వండుకోవడానికి మాత్రం గాలి లేదు. మధ్యాహ్నానికి లోపల 38 దాటుతుంది. డిసెంబరులో క్యాప్సికం పూత వేడికి రాలుతోందంటే ఎవరూ నమ్మరు, కానీ అక్కడ జరుగుతున్నది అదే. తడి గాలిలో ఆకు ఆవిరి వదలలేదు కాబట్టి వేరు నుంచి కాల్షియం పైకి ఎక్కదు. కాయ అడుగు నల్లబడుతుంది. రైతు కాల్షియం నైట్రేట్ ఇంకో సంచి కొంటాడు. లోపం సంచిలో లేదు, మూసిన కర్టెన్‌లో ఉంది.

వికారాబాద్ వైపు ఒక చెల్లెమ్మ అరెకరం పాలీహౌస్‌లో కీర వేసింది. భర్త దూరంగా ఉద్యోగం, పంటంతా తన చేతి మీదే. డిసెంబరులో ఏడుస్తూ ఫోన్ చేసింది: "అన్నా, పొద్దున్నే చూస్తే తోట తోటంతా పచ్చకామెర్లు వచ్చినట్టుంది." తెల్లారేసరికి వెళ్ళాను. తలుపు తీయగానే కళ్ళజోడు మసకబారింది. పైనుంచి చొక్కా మీద టపటపా నీళ్ళు పడుతున్నాయి, వాన వెలిసిన తర్వాత చెట్టు కింద నిలబడ్డట్టు. ఒక ఆకు తిప్పి చూపించాను. పైన పసుపు మచ్చ. అడుగున అదే చోట ఈనెల మధ్య గళ్ళు గళ్ళుగా నీళ్ళు పీల్చినట్టున్న మరక, దాని మీద బూడిద, ఊదా కలిసిన సన్నటి నూగు. వేలితో రాస్తే అంటుకుంది. మందుల షాపులో "చలి దెబ్బ" అని చెప్పి ఏదో టానిక్ ఇచ్చారట. దాన్ని సాయంత్రం 5 గంటలకు ఆకులు తడిసేలా కొట్టి, వెంటనే కర్టెన్లు కట్టేసింది.

ఆ రోజు మందు కంటే ముందు చేసిన పనులు ఇవి. కర్టెన్లు ఎత్తించాం. కింది నుంచి మోకాలెత్తు దాకా ముదురు ఆకులు, తెగులు ఆకులు కోసి, సంచుల్లో పెట్టి బయటికి తీసుకెళ్ళి కాల్చాం. సాయంత్రం డ్రిప్ మాన్పించాం. నీటిని పొగమంచులా చిమ్మే ఫాగర్లను వాల్వు దగ్గరే కట్టేశాం. ఆకు ఆరిన తర్వాత, అడుగు భాగం తడిసేలా, బూజు తెగులుకు లేబుల్ మీద రాసి ఉన్న మందు కొట్టించాను. కింది సగం పోయింది, దాన్ని ఎవరూ తిరిగి తేలేరు. పై చిగురు నిలిచింది, మరికొన్ని వారాలు కాయ కోసుకుంది.

మరి కర్టెన్లు అసలు దించొద్దా? దించాలి, లెక్కతో దించాలి. టాప్ వెంట్ రాత్రంతా తెరిచే ఉండాలి. రాత్రి 14, 15 డిగ్రీలుంటే పక్క కర్టెన్లు పూర్తిగా మూసే పనే లేదు. 12 కంటే దిగితే ఉత్తరం, తూర్పు వైపు దించండి, చలిగాలి అటు నుంచే వస్తుంది. ఎదుటి వైపు అడుగు మేర సందు వదలండి. పొద్దున సూర్యుడు రాగానే కొంచెం కొంచెంగా ఎత్తడం మొదలుపెట్టండి. గాలి త్వరగా వేడెక్కుతుంది, కాయ మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. ఆలస్యం చేస్తే ఆ చల్లటి కాయ మీదే మళ్ళీ నీళ్ళు పడతాయి. డ్రిప్ ఉదయం 9 తర్వాత, వేసవిలో ఇచ్చినదాంట్లో సగం లోపే. పొగమంచు, ముసురు రోజుల్లో డ్రిప్ వద్దు, ఆకుల మీద ఏదీ కొట్టొద్దు, మధ్యాహ్నం కాసేపైనా గాలి ఆడనివ్వండి. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు మాత్రం సంగతి వేరు. నెల్లూరు, చిత్తూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ బెడద ఉంటుంది. అప్పుడు ఫిల్మ్ చిరగకుండా అన్నీ బిగించి కట్టాల్సిందే. గాలి తగ్గిన వెంటనే విప్పాలి.

దయచేసి లోపల పిడకల పొగ, బొగ్గుల కుంపటి పెట్టొద్దు. పొగలో ఇథిలిన్ ఉంటుంది, అది పూతను రాల్చేస్తుంది. మూసిన ఇంట్లో బొగ్గుల పొగ మనిషి ప్రాణానికే ప్రమాదం.

ఇక మిగతావి తొందరగా చెప్పేస్తాను.

"చలికాలంలో వెలుతురు చాలదు, లైట్లు పెట్టాలా?" అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటలు. వెలుతురు తగ్గేది ఫిల్మ్ మీద దుమ్ము వల్ల. వానలు తగ్గగానే కడగండి. లోపలి షేడ్ నెట్ పక్కకు లాగేయండి. న్యూజెర్సీలోనో, అటు పైనో పెరట్లో చిన్న గ్రీన్‌హౌస్ పెట్టుకున్న మనవాళ్ళు కూడా ఇదే అడుగుతుంటారు. వాళ్ళ లెక్క వేరు. అక్కడ నవంబరు మధ్య నుంచి జనవరి చివరిదాకా పగలు 10 గంటల లోపే, మొక్క దాదాపు నిలబడిపోతుంది. పాలకూర, మెంతికూర సెప్టెంబరులోనే వేసి పెంచేసుకోవాలి. గోంగూర మీద ఆశ వదులుకోవాలి, పగలు తగ్గగానే అది పూతకు వస్తుంది, చలికి తట్టుకోదు.

"నెట్ ఉంది కదా, పురుగు రాదు." వస్తుంది. 40 మెష్ నెట్ తెల్లదోమనే పూర్తిగా ఆపలేదు, తామర పురుగు దానికంటే సన్నం. రెండు తలుపుల గది పెట్టుకుని ఒకటి మూశాకే ఇంకొకటి తీయండి. పసుపు, నీలం జిగురు అట్టలు వేలాడదీయండి. చలి పొడిగా ఉన్న రోజుల్లో క్యాప్సికానికి బూడిద తెగులు వస్తుంది, దానికి ఆకు మీద నీటి చుక్క కూడా అవసరం లేదు. బూజు, బూడిద రెండూ ఒకటే అనుకుని ఒకదాని మందు ఇంకొకదానికి కొట్టేవాళ్ళు చాలామంది.

"పాలీహౌస్‌లో ఏ విత్తనమైనా కాస్తుంది." కాయదు. తేనెటీగ లోపలికి రాదు. కీరలో పరాగసంపర్కం లేకుండా కాసే పాలీహౌస్ రకాలే వేయాలి. కాకర వేస్తే పొద్దున్నే, బీర వేస్తే సాయంత్రం పూలు విచ్చాక ఆడపూలకు చేత్తో పుప్పొడి అద్దాలి. టమాటాకు ఉదయం 10, 11 మధ్య తీగలు తట్టి పూలు కదిలించాలి.

"చలికాలం కూరగాయలకు రేటు బాగుంటుంది." ఈ మాట విని టమాటా వేసిన వాళ్ళను చూస్తే బాధేస్తుంది. మన దగ్గర చలికాలమే బయట పొలానికి అన్నిటికంటే అనుకూలమైన కాలం. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ మార్కెట్‌ను ముంచెత్తుతాయి. పాలీహౌస్ ఖర్చుతో వాటితో పోటీ పడలేం. రంగు క్యాప్సికం, విత్తనం లేని కీర లాంటివి, అదీ కొనేవాళ్ళతో ముందే మాట్లాడుకుని వేస్తేనే నిలబడతాం. తెలంగాణలో తొలి ఏళ్ళలో 75 శాతం సబ్సిడీ వచ్చినప్పుడు ఆ ఊపులో కట్టి, మార్కెట్ చూసుకోకుండా దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు. కొత్తగా కట్టాలనుకునేవాళ్ళు ముందు జీడిమెట్లలోనో కుప్పంలోనో ఉన్న ఉద్యాన శాఖ కేంద్రానికి వెళ్ళి, పంట నిలబడి ఉన్నప్పుడు చూసి రండి.

"ఫలానా వాళ్ళకు ఒక్క స్ప్రేతో పోయిందట" అని వాట్సాప్‌లో వచ్చేవి నాకు పంపకండి. కీర చలికాలంలో కూడా రోజు విడిచి రోజు కోస్తాం. కొట్టిన మందుకు, కోతకు మధ్య లేబుల్ చెప్పిన గడువు పాటించలేకపోతే ఆ మందు కొట్టకూడదు.

మచ్చ కనిపిస్తే టెన్షన్ పడి షాపుకు పరిగెత్తే ముందు ఉదయం 7 లోపు మూడు ఫోటోలు తీయండి. ఆకు పైభాగం ఒకటి, అదే ఆకు అడుగు ఒకటి, ఫిల్మ్ లోపలి వైపు ఒకటి. వాటితో పాటు గడిచిన మూడు రాత్రుల కనిష్ఠం ఎంత, కర్టెన్లు ఏ టైముకు దించారు, ఏ టైముకు ఎత్తారు, చివరి డ్రిప్ ఎప్పుడు ఇచ్చారు, ఇవి రాసి మీ ఉద్యాన అధికారికి పంపండి. ఆ కాగితం చూస్తే ఏ మందు కొట్టాలో, అసలు మందు కొట్టాలో వద్దో చెప్పగలుగుతారు.