మోకాలిలో ఇనుము

అంబర్‌పేటలో మా పక్కింటి పిల్లాడికి హీమోఫిలియా, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు. మోకాలు వాచిందంటే వాళ్ళమ్మ కంగారుపడదు. తువ్వాలులో ఐసు ముక్కలు చుట్టి కాలి మీద పెట్టి, రక్తం గడ్డకట్టించే ప్రోటీన్ ఫ్యాక్టర్ 8 ఎక్కించడానికి ఆటో మాట్లాడుతుంది. పోయిన వేసవిలో మాత్రం ఫ్యాక్టర్ ఎక్కించి ఒక రోజు గడిచినా వాపు దిగలేదు. పైగా 102 జ్వరం. "ఎప్పట్లాగే రక్తమే అనుకున్నా అన్నయ్యా" అంది. సిరంజితో తీస్తే వచ్చింది చీము.

కీలులోకి రక్తం దిగినా, చీము పట్టినా వాపు, నొప్పి, వేడి ఒకేలా ఉంటాయి. ఈ చీముకు ఎక్కువగా కారణమయ్యేది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. ల్యాబులో దీన్ని గొర్రె రక్తం కలిపిన పళ్ళెంలో పెంచుతారు. మర్నాటికి చుక్కలుగా పెరిగిన ఒక్కో బాక్టీరియా గుంపు చుట్టూ ఎరుపు పోయి తేటగా వలయం కనిపిస్తుంది. ఎర్రకణాలను పగలగొట్టి, హిమోగ్లోబిన్‌లోని ఇనుమును అది లాక్కుంటుంది. ఇనుము లేనిదే అది పెరగలేదు. అందుకే మన ఒళ్ళు ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్, ఫెరిటిన్ అనే ప్రోటీన్లలో దాచి ఉంచుతుంది. ఇన్ఫెక్షన్ రాగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ వదిలి రక్తంలో ఇనుమును ఇంకా తగ్గిస్తుంది. మాటిమాటికీ రక్తం దిగి లోపలి పొర తుప్పు రంగుకు తిరిగిన కీలులో ఈ కట్టడి సాగదు.

మాటిమాటికీ రక్తం ఎక్కించాల్సిన తలసీమియా పిల్లలకైతే ఒళ్ళంతా ఇదే ఇబ్బంది. ఒక్కో రక్తం సంచితో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి వెళ్తుంది; ఒళ్ళు రోజుకు పోగొట్టుకోగలిగేది సుమారు 1 మిల్లీగ్రాము. ఆ ఇనుమును తీసే డెస్‌ఫెరియాక్సమిన్ అనే మందు కూడా ఒక మట్టి బాక్టీరియా ఇనుము పట్టుకోవడానికి తయారుచేసుకునే పదార్థమే. యెర్సీనియా ఎంటరోకొలిటికా అనే క్రిమి ఆ మందు పట్టిన ఇనుమునే తినేస్తుంది. ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరిగే మొండి క్రిమి ఇది. పేగు నుంచి రక్తంలోకి, ఒక్కోసారి కీళ్ళలోకీ చేరుతుంది. కాబట్టి ఈ మందు వాడే బిడ్డకు జ్వరం, కడుపునొప్పి వస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

హీమోఫిలియా వాళ్ళ కీలులోంచి నీరు తీసేముందు ఫ్యాక్టర్ ఎక్కించాలి. వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఆ నీటిని కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు పంపాలి. నాటు కట్టు కట్టించడం, మాలిష్ చేయడం, ఆస్పిరిన్ వేయడం వద్దే వద్దు. చీము కొద్ది రోజుల్లోనే మృదులాస్థిని తినేస్తుంది.

మా పక్కింటి పిల్లాడు వారాల తరబడి యాంటీబయాటిక్ వాడాడు. ఇప్పుడు నడుస్తున్నాడు, కానీ మోకాలు పూర్తిగా చాపలేడు. ఐసు పెట్టే ముందు వాళ్ళమ్మ ఇప్పుడు థర్మామీటర్ తీస్తోంది.