కంపల్సరీ చదువు అంటే ఎవరికి కంపల్సరీ?

సర్కారు బడి, ఫీజు లేకపోవడం, పిల్లలు బడికి వెళ్లి తీరాలనే రూలు, ఈ మూడూ ఒకేసారి పుట్టాయని చాలామంది అనుకుంటారు గానీ అలా ఏం జరగలేదు. చాలా దేశాల్లో ముందు కంపల్సరీ వచ్చింది, ఫ్రీ తర్వాతెప్పుడో వచ్చింది, ఆ మధ్య కాలమంతా నలిగిపోయింది పిల్లల కూలి డబ్బులు కూడా కలిస్తే తప్ప పూట గడవని ఇళ్లే.

1763లో పాత జర్మన్ రాజ్యమైన ప్రష్యాకి రాజు రెండో ఫ్రెడరిక్ ఐదేళ్లు నిండిన పిల్లల్ని 13, 14 ఏళ్ల దాకా బడికి పంపాల్సిందేనని ఆర్డర్ వేశాడు. ఇంగ్లండ్‌లో మాత్రం చదువు ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలైంది, 1833 ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో పనిచేసే 9 నుంచి 13 ఏళ్ల పిల్లలకి రోజుకి రెండు గంటలు చదువు చెప్పాలంది. అంటే పని మాన్పించలేదు, పనికి తోడు చదువు పెట్టారు!

ఆ తర్వాత 1862లో అక్కడే ఇంకో రూల్ వచ్చింది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఒక్కో పిల్లాడికి చదవడం, రాయడం, లెక్కలు పరీక్ష పెడతాడు, పాసైన సబ్జెక్టుకి ఇంత, హాజరుకి ఇంత అని బడికి గ్రాంట్ ఇస్తారు. టీచర్ల జీతం ఆ గ్రాంట్ మీద ఆధారపడేది కాబట్టి వాళ్లు రీడర్ (చదివించే పాఠాల పుస్తకం) మొత్తం పిల్లలతో బట్టీ పట్టించేవాళ్లు, పరీక్షలో లేనివి పక్కకి పోయాయి. 1890ల దాకా నడిచింది ఈ పద్ధతి. మార్కుల్ని బట్టి డబ్బులిస్తే బడి మార్కుల కోసమే పనిచేస్తుందని అప్పుడే తేలిపోయింది, అయినా ఇప్పటికీ ఎవరో ఒకరు అదే ఐడియా కొత్తదన్నట్టు తెస్తూనే ఉంటారు.

ఇంగ్లండ్‌లోనే 1870 చట్టంతో లోకల్ పన్నులతో నడిచే బోర్డు స్కూళ్లు వచ్చాయి, 1880లో పదేళ్ల దాకా హాజరు అందరికీ తప్పనిసరి చేశారు, కానీ ఫీజు పోవడం మొదలైంది 1891లో. ఆ 11 ఏళ్లూ పిల్లాణ్ని పంపకపోతే జరిమానా, పంపితే ఫీజు. జపాన్‌లో ఇంకా ఘోరం, 1872లో అందరూ చదవాలన్నారు, ఖర్చు ఊళ్ల మీద తల్లిదండ్రుల మీద పడింది, కడుపు మండి కొన్నిచోట్ల జనం బడులకే నిప్పు పెట్టారు, ఫీజు తీసేసింది 1900లో. ఫ్రాన్స్ ఒక్కటి తెలివిగా 1881లో ముందు ఫీజు తీసేసి, తర్వాతి ఏడాది తప్పనిసరి చేసింది.

మన దేశంలో 1911లో గోఖలే నిర్బంధ చదువు బిల్లు పెట్టారు, అది కూడా లోకల్ బోర్డులకి ఇష్టమైతేనే అమలు చేసుకోమనే మెత్తటి బిల్లు, అయినా 1912లో 13కి 38 ఓట్లతో ఓడిపోయింది. 1950 రాజ్యాంగం 45వ అధికరణంలో పదేళ్లలో 14 ఏళ్ల దాకా అందరికీ ఉచిత నిర్బంధ విద్య అని రాశారు గానీ అది ఆదేశిక సూత్రం, అమలు కాలేదని కోర్టుకి వెళ్లే వీల్లేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో (అవతలి పార్టీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే) సుప్రీంకోర్టు అది ప్రాథమిక హక్కేనంది, 2002లో 86వ సవరణతో ప్రాథమిక హక్కుగా రాజ్యాంగంలోకి ఎక్కింది, 2009లో విద్యాహక్కు చట్టం, అమలు 2010 ఏప్రిల్ 1 నుంచి.

ఈ చట్టంలో చాలామంది చూడనిది ఎనిమిదో సెక్షన్. తప్పనిసరి అంటే ఇక్కడ ప్రభుత్వానికి తప్పనిసరి అని అందులో స్పష్టంగా ఉంది, పిల్లల్ని చేర్చుకోవడం, బడికి వచ్చేలా చూడటం, ఎనిమిదో క్లాసు పూర్తి చేయించడం అన్నీ సర్కారు బాధ్యతే. బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంది గానీ వాళ్లకి జరిమానా పెట్టలేదు. 1880లో ఇంగ్లండ్‌లో తండ్రి మెడ మీద పెట్టిన కత్తి ఇక్కడ తీసేశారు, నాకు ఈ ఒక్క మాట కోసమే ఆ చట్టం అంటే గౌరవం. కానీ వయసు 6 నుంచి 14 దగ్గరే ఆగింది, అంగన్‌వాడీ వయసు పిల్లలకి ఈ హక్కు లేదు, ఎనిమిది పాసై తొమ్మిదిలోకి అడుగుపెట్టే ఆడపిల్లకీ లేదు, చదువు మాన్పించే మాటలు ఇంట్లో మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.