‘క్విక్’లో దాక్కున్న ప్రాణం

భారత శిక్షాస్మృతిలో 312వ సెక్షన్‌ని ఇంగ్లీషులో మొదటిసారి చదివే లా విద్యార్థి ఒకచోట తప్పకుండా ఆగిపోతాడు. గర్భస్రావం చేయించిన నేరానికి మూడేళ్ల వరకు జైలు అని చెప్పిన చట్టం, ఆ స్త్రీ ‘క్విక్ విత్ చైల్డ్’ అయితే ఏడేళ్ల వరకు అంటుంది. క్విక్ అంటే త్వరగా కదా! బిడ్డతో త్వరగా ఉండటమేమిటి? అచ్చుతప్పేమో అనిపిస్తుంది. కాదు. 1860లో రాసిన ఆ మాటకు అర్థం ‘కడుపులో బిడ్డ కదలడం తెలిసిన తల్లి’ అని. 2024 జూలై 1న శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, సెక్షన్ నంబరు 88గా మారింది. క్విక్ మాత్రం ఉన్నచోటి నుంచి కదల్లేదు.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో క్విక్ అంటే ‘బతికున్న’ అని అర్థం. వేగంతో దానికి సంబంధమే లేదు. మేస్తున్న ఆవు క్విక్, చిగురు వేస్తున్న చెట్టు క్విక్. పాకుతున్న నత్త కూడా క్విక్కే, ఎందుకంటే బతికే ఉంది కాబట్టి.

ఈ మాట పుట్టుక మనకు మరీ ఆసక్తికరం. సంస్కృతంలోని ‘జీవ’, లాటిన్‌లోని ‘వీవుస్’, గ్రీకులోని ‘బియోస్’ (బయాలజీలో ఉన్నది ఇదే), లిథువేనియన్‌లోని ‘గీవాస్’, ఇంగ్లీషు క్విక్, అన్నీ ఒకే తల్లి బిడ్డలు. వినడానికి ఒకదానికొకటి ఏమాత్రం పోలిక లేదే అనిపిస్తుంది. కానీ భాషాశాస్త్రంలో పోలిక కన్నా క్రమం ముఖ్యం. పాత మూలభాషలోని ‘గ’ జర్మానిక్ భాషల్లోకి, అంటే ఇంగ్లీషు, జర్మన్ ఉన్న కుటుంబంలోకి, వచ్చేసరికి ‘క’ అయింది. సంస్కృతంలో గో, ఇంగ్లీషులో కౌ. అక్కడ గమ్, ఇక్కడ కమ్. సంస్కృతంలో అచ్చు ‘ఇ’ లేదా ‘ఎ’ ముందు వచ్చిన ఈ ‘గ’ ‘జ’గా మారింది. అందుకే వేదభాషలో స్త్రీని చెప్పే ‘జని’కి ఇంగ్లీషు జోడీ క్వీన్, ‘జీవ’కి జోడీ క్విక్. ‘గ’ ‘క’గా మారిన క్రమాన్ని 1822లో పద్ధతిగా నిరూపించిన జాకబ్ గ్రిమ్, తమ్ముడితో కలిసి జానపద కథలు సేకరించిన ఆ గ్రిమ్మే.

పోలికను నమ్మితే ఎలా బోల్తా పడతామో ఒక ఉదాహరణ చెప్తాను. ‘బద్మాష్’, ‘బద్నాం’ మాటల్లో ఉన్న పారశీకపు ‘బద్’కీ ఇంగ్లీషు ‘బ్యాడ్’కీ శబ్దం దగ్గర, అర్థం ఒకటే. చుట్టరికం మాత్రం లేదు. పైకి ఏమాత్రం కలవని జీవ, క్విక్ తోబుట్టువులు. అయితే ‘జీవం’ తెలుగుకి అరువు మాటే. ఆ అర్థానికి మన ఇంటి మాట ఉసురు; తమిళంలో ‘ఉయిర్’ దాని తోడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని మద్రాసులో ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ 1816లోనే వివరంగా రాశాడు కాబట్టి, ఇందులో మన భాష క్విక్‌కి చుట్టం కాదు, చుట్టాన్ని ఇంట్లో పెట్టుకున్న స్నేహితురాలు.

సరే, ఇంగ్లీషులో ఈ పాత అర్థం ఎక్కడెక్కడ మిగిలిందో చూద్దాం. పాదరసాన్ని క్విక్‌సిల్వర్ అంటారు, ‘బతికున్న వెండి’ అని. లాటిన్‌లో ఉన్న పేరుని యథాతథంగా తర్జుమా చేసుకున్నారు. పాత థర్మామీటరు పగలగొట్టి తిట్లు తిన్నవాళ్లకి ఈ పేరు ఎందుకు పెట్టారో చెప్పనక్కర్లేదు. మామూలు లోహాలన్నీ గట్టిగా పడి ఉంటే ఇది మైనస్ 39 డిగ్రీల దాకా గడ్డకట్టదు. దీని తలతన్యత నీటికన్నా ఆరు రెట్లు ఎక్కువ కావడంతో నేల మీద పరుచుకోకుండా పూసలుగా విడిపోయి, వేలు పెడితే తప్పించుకుని పరుగెడుతుంది.

క్విక్‌లైమ్ కథ ఇంకా బాగుంటుంది. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. ముట్టుకుంటే చల్లగా, చచ్చిన రాయిలా ఉంటుంది. నీళ్లు పోస్తే మాత్రం బుసలు కొట్టి, పగిలి, పొగలు కక్కుతుంది. నిప్పుని ఆర్పే నీళ్లే దీన్ని రగిలిస్తాయి! దాగున్న అగ్ని దీని ఆత్మ లాంటిదనీ, అందుకే దీన్ని బతికున్న సున్నం అంటారనీ 5వ శతాబ్దంలో సెయింట్ అగస్టీన్ ఆశ్చర్యపోయాడు. కాల్షియం ఆక్సైడ్ హైడ్రాక్సైడ్‌గా మారేటప్పుడు వేడి విడుదలవుతుందని మనం అంటాం. ఆయన చెప్పిందే నాకు ఎక్కువ గుర్తుంటుంది.

గోటి కింద ఉండే సున్నితమైన పచ్చి మాంసం కూడా క్విక్కే. గోరు చచ్చిన పదార్థం, దాని కింద ప్రాణం ఉంది. కత్తెర అక్కడ తగిలితే ఎలా ఉంటుందో, మనసుకి అలా తగిలే మాటని కూడా ఇంగ్లీషువాళ్లు అదే మాటతో చెప్తారు. మనం ‘ప్రాణం చివుక్కుమంది’ అనే సందర్భం అది.

ప్రాణం వేగంగా ఎప్పుడు మారింది? సుమారు 1300 నాటికి. మారిన దారి మనకు కొత్తదేమీ కాదు. నెమ్మదిగా నడిచేవాడిని చూసి ‘ప్రాణం లేనట్టు ఆ నడకేమిటి’ అంటాం. ఎండిపోకుండా పారేదాన్ని జీవనది అంటాం. బతికున్నది కదులుతుంది, బాగా బతికున్నది చురుగ్గా కదులుతుంది. అలా క్విక్ చురుకుదనం మీదుగా వేగానికి చేరింది. అది ఖాళీ చేసిన చోట ‘లివింగ్’, ‘అలైవ్’ కూర్చున్నాయి.

ఇక కడుపులో బిడ్డ సంగతి. స్కానింగ్ లేని రోజుల్లో గర్భం నిజమో కాదో చెప్పగల సాక్షి ఒక్క తల్లే. ఆమెకు బిడ్డ కదలిక మొదటిసారి తెలియడాన్ని ‘క్విక్నింగ్’ అన్నారు, అంటే ప్రాణం రావడం. ఇది సాధారణంగా 16 నుంచి 20 వారాల మధ్య జరుగుతుంది. ఇంగ్లండులో ఉరిశిక్ష పడిన స్త్రీ తాను గర్భవతినని చెప్పుకుంటే, పెద్ద వయసు ఆడవాళ్ల జ్యూరీ ఆమెని పరీక్షించేది. బిడ్డ కదులుతోందని వాళ్లు తేలిస్తే ప్రసవం దాకా ఉరి ఆగేది. ఆ క్షణంలో ఒక విశేషణం మీద ఒక ప్రాణం, కాదు రెండు ప్రాణాలు, ఆధారపడి ఉండేవి. 1803 నాటి చట్టం ప్రకారం క్విక్నింగ్ తర్వాత గర్భస్రావం చేయిస్తే మరణశిక్ష, అంతకుముందైతే తక్కువ శిక్ష.

నిజానికి బిడ్డ ఎనిమిది వారాలకే కదులుతుంది, స్కానింగ్‌లో కనిపిస్తుంది కూడా. కానీ అప్పటికది చిక్కుడు గింజంత ఉంటుంది, తల్లికి తెలియదు. కాబట్టి క్విక్నింగ్ అనేది బిడ్డకి ప్రాణం వచ్చే రోజు కాదు, తల్లికి కబురు అందే రోజు. ఇంగ్లండు ఈ తేడాని 1837లోనే చట్టంలోంచి తీసేసింది. అదే ఇంగ్లీషువాళ్లు 23 ఏళ్ల తర్వాత మనకు రాసిన శిక్షాస్మృతిలో దాన్ని ఉంచారు. మనం ఈమధ్యే కొత్తది రాసుకుంటూ మళ్లీ ఉంచాం.

పాత అర్థం జనం నోట్లో ఎక్కువకాలం నిలిచిన మరో చోటు చర్చి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో క్రీస్తు ‘క్విక్’కీ ‘డెడ్’కీ తీర్పు తీరుస్తాడని ఉంటుంది. మోటారు కార్లొచ్చాక దీని మీద ఒక జోకు పుట్టింది: రోడ్డు దాటేవాళ్లు రెండే రకాలు, క్విక్కులూ డెడ్డులూ. మన ఊళ్లలో తెలుగు ఆరాధనకి వెళ్లినవాళ్లు అదే వాక్యాన్ని ‘సజీవులకును మృతులకును’ అని వింటారు. క్విక్ ఉన్న చోట సరిగ్గా ‘జీవ’ వచ్చి కూర్చుంది.