కుండలు ఎన్ని, మెతుకులు ఎన్ని?

మధురవాడలో పనిచేసే ఒక టీచరుగారు అడిగారు: "విశాఖ జిల్లా హైస్కూలు పిల్లలు ఎంతసేపు నిద్రపోతున్నారో సర్వే చేద్దామనుకుంటున్నాను. 1200 మంది చాలు. గాజువాకలో రెండు పెద్ద బళ్లకు వెళ్తే రెండ్రోజుల్లో అయిపోతుంది కదండీ?"

అయిపోతుంది. కానీ విశాఖ పిల్లల గురించి తెలిసేది చాలా తక్కువ.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడుకుతాయి కాబట్టి అది చాలు. బడీ అలాంటి కుండే. ఒకే బస్సు టైము, ఒకే స్టడీ అవర్, పరీక్షల టెన్షన్ కూడా ఒకటే. ఆరింటికల్లా బస్సెక్కే పిల్లాడి నిద్ర సంగతి తెలిస్తే, పక్క బెంచీవాడిది కూడా కొంత తెలిసినట్టే. అదే కుండలో ఇంకో వంద మెతుకులు పట్టి చూసినా కొత్తగా తెలిసేది కొంచెమే. ఇంకో కుండ మూత తీయాలి.

దీనికి లెక్క ఉంది. ఒకే బడి పిల్లల మధ్య పోలిక ఎంతో చెప్పే సంఖ్య 0 అయితే పోలికే లేదు, 1 అయితే అందరూ అచ్చు ఒకటే. మనకు 0.1 అనుకుందాం. బడికి 600 మంది చొప్పున తీసుకుంటే ఒక్కొక్కరికీ తోటివాళ్లు 599 మంది, కాబట్టి 1 + 599 × 0.1 = 60.9. ఇలా గుంపులుగా తీసినందుకు మన సమాచారం ఎన్నో వంతుకు పడిపోతుందో చెప్పే ఈ అంకెను డిజైన్ ఎఫెక్ట్ అంటారు. 1200ను దీనితో భాగిస్తే సుమారు 20! అంటే ఆ రెండు బళ్లను లాటరీలోనే తీసినా, 1200 ఫారాలూ కలిసి చెప్పేది, జిల్లా అంతటి నుంచి విడివిడిగా తీసిన 20 మంది చెప్పేంతే. అదే 60 బళ్లలో 20 మంది చొప్పున అడిగితే డిజైన్ ఎఫెక్ట్ 2.9. అప్పుడు 1200 మంది సుమారు 414 మందికి సమానం.

మరి ఏ 60 బళ్లు? 2022లో విశాఖ జిల్లాను విడదీశారు కాబట్టి, పాత జాబితాలోంచి పాడేరు, అనకాపల్లి బళ్లు తీసేయండి. 60 మంది ఉన్న బడికీ 1200 మంది ఉన్న బడికీ సమాన అవకాశం ఇస్తే, పెద్ద బడి పిల్లాడికి అన్యాయం. 1951లో గణాంక శాస్త్రవేత్త డి.బి.లాహిరి దీనికి ముచ్చటైన ఉపాయం చెప్పారు. లాటరీలో రెండు అంకెలు తీయండి: ఒకటి బడి వరస నంబరు, రెండోది 1 నుంచి అన్నిటికంటే పెద్ద బడి పిల్లల సంఖ్య (ఇక్కడ 1200 అనుకుందాం) వరకు. రెండో అంకె ఆ బడి పిల్లల సంఖ్యను దాటకపోతే ఆ బడిని ఉంచండి, దాటితే రెండూ వదిలేసి మళ్లీ తీయండి. బడి ఎంత పెద్దదైతే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాత ప్రతి బడిలోనూ 20 మందినే తీస్తాం కాబట్టి, చివరికి ఏ పిల్లాడు ఎంపికయ్యే అవకాశమైనా దాదాపు ఒకటే అవుతుంది.

వచ్చిన అంకెను మార్చకండి. ఒకచోట 8 వస్తే శని అంకె అని మళ్లీ తీయించడం చూశాను. ఆ క్షణాన ఒక బడికి దక్కాల్సిన వంతు పోయింది.

బడిలో కూడా రిజిస్టరు చూసి లాటరీ తీయాలి. హెడ్‌మాస్టరుగారు పంపిన చురుకైన పిల్లలు వద్దు. పేరొచ్చిన పిల్లాడు ఆ రోజు రాకపోతే పక్కవాణ్ణి కూర్చోబెట్టకండి. రాత్రి నిద్రలేక బడి మానేసింది వాడే కావచ్చు. మర్నాడు మళ్లీ వెళ్లండి.