యూనివర్సిటీకి మేనేజ్‌మెంట్ సూత్రాలు: అపోహలు - వాస్తవాలు

గోదావరి జిల్లాల్లో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతూ, నాణ్యతా విభాగం పనులు కూడా చూస్తుంటాను. యూనివర్సిటీని కంపెనీలా నడిపితే తప్ప బాగుపడదని కొందరంటారు. అలా చేస్తే చదువు సంతలో సరుకైపోతుందని ఇంకొందరు భయపడతారు. మేనేజ్‌మెంట్ అంటే లాభనష్టాల లెక్కేనని ఇద్దరూ అనుకోవడం దగ్గరే చిక్కు వస్తోంది.

అపోహ: టార్గెట్లు పెడితే అధ్యాపకులు దారికొస్తారు.

వాస్తవం: ఇది దేశమంతా చూసేసిన ముచ్చటే. 2010లో విశ్వవిద్యాలయాల నిబంధనలు చూసే యూజీసీ, అధ్యాపకుల పనిని అంకెల్లో కొలిచే ఏపీఐ స్కోర్లు తెచ్చి, పదోన్నతుల కోసం పేపర్లకూ సదస్సులకూ పాయింట్లు కట్టింది. దాంతో డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చేసే జర్నల్స్ పుట్టగొడుగుల్లా లేచాయి. చివరికి ఏ జర్నల్ లెక్కలోకి వస్తుందో తేల్చడానికి 2019లో యూజీసీయే కేర్ పేరుతో ఒక జర్నల్స్ జాబితా ప్రకటించాల్సి వచ్చింది. తప్పు వ్యాపార సూత్రాలదే అంటే మాత్రం నేను ఒప్పుకోను. 1950లో జపాన్ పరిశ్రమలకు నాణ్యత పాఠాలు చెప్పిన ఎడ్వర్డ్స్ డెమింగ్, మనుషుల మీద అంకెల కోటాలు పెట్టొద్దనే చెప్పాడు. లోపాలు చాలావరకు పని జరిగే పద్ధతిలోనే ఉంటాయని, దాన్ని మార్చగలిగేది పైవాళ్లేనని ఆయన వాదన. నాణ్యత పేరుతో మనం తెచ్చుకున్నది సరిగ్గా ఆయన వద్దన్నదే.

అపోహ: సిబ్బంది బద్ధకం వల్లే ఫైళ్లు కదలవు. బయోమెట్రిక్ పెడితే సరి.

వాస్తవం: విదేశీ చదువులకు కావాల్సిన ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల ధ్రువపత్రం) కోసం అమలాపురం నుంచో నరసాపురం నుంచో పిల్లలు బస్సెక్కి వస్తారు. చలానా జతచేసిన దరఖాస్తు ఇన్‌వార్డులో నంబరు వేయించుకుని సెక్షన్ క్లర్కు దగ్గరికి, అక్కణ్ణుంచి సూపరింటెండెంటు, అసిస్టెంట్ రిజిస్ట్రార్ల మీదుగా పరీక్షల కంట్రోలర్ సంతకానికి వెళ్తుంది. ఏ బల్ల దగ్గరైనా దాని మీద జరిగే పని నిమిషాల్లో అయిపోతుంది. మిగతా రోజులన్నీ ట్రేలో పడి ఉండటమే. మార్కుల రిజిస్టరు తీసి సరిచూసేది క్లర్కు ఒక్కరే. పైవాళ్లు ఆ టిక్కు చూసి సంతకం పెడతారు. ఫ్యాక్టరీలోనైతే ఫలానా సంతకం తీసేస్తే ఏ తప్పు దొర్లుతుందని ముందే అడుగుతారు. నన్నడిగితే సరిచూడటానికి ఇద్దరుండాలి, సంతకం ఒక్కటి చాలు. బయోమెట్రిక్ వల్ల మనిషి వచ్చాడో లేదో తెలుస్తుంది గానీ, కాగితం ఎక్కడ ఆగిందో తెలియదు. వీసా తేదీ దగ్గరపడ్డ పిల్లల టెన్షన్ చూసినవాళ్లెవరూ ఇది చిన్న విషయమనరు.

అపోహ: విద్యార్థే కస్టమర్.

వాస్తవం: కౌంటర్ దగ్గర, హాస్టల్లో, ఫలితాలు సకాలంలో ఇచ్చే విషయంలో అవును. మార్కుల దగ్గర కాదు. ఫీజు కట్టారని పాస్ చేసేస్తే, కష్టపడి చదివిన పక్క బెంచీ పిల్లల డిగ్రీకే విలువ పోతుంది.

అపోహ: ఆదాయం తేని విభాగం దండగ.

వాస్తవం: మార్టేరు వెళ్లి చూడండి. వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందున్న ఆ వరి పరిశోధనా కేంద్రం నుంచి 1982లో స్వర్ణ అనే వరి వంగడం వచ్చింది, అదే ఎంటీయూ 7029. డెల్టా దాటి ఒడిశా, బెంగాల్ పొలాల దాకా పాకింది. వరి విత్తనాన్ని రైతు తన పంటలోంచే దాచుకోగలడు, పక్క రైతుకీ ఇవ్వగలడు. ఆ మేలంతా రైతుల గాదెల్లో కనిపిస్తుందే గానీ విశ్వవిద్యాలయం ఆదాయ పట్టికలో కనిపించదు. పైగా ఒక వరి వంగడం తయారవడానికి ఏళ్లు పడుతుంది. మూడు నెలలకోసారి లెక్కలడిగే పద్ధతిలో అలాంటి పని మొదలే కాదు. తెలుగు, చరిత్ర శాఖలను అడ్మిషన్లు తక్కువని మూసేద్దామనే వాళ్లు కూడా దీన్ని ఆలోచించాలి.

అపోహ: పోస్టులు ఖాళీగా ఉంచితే పొదుపు.

వాస్తవం: ఏ కంపెనీ అయినా తన అసలు పని చేసే మనుషులను తీసుకోకుండా నడవదు. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గైడ్‌గా ఉండాలంటే రెగ్యులర్ అధ్యాపకులై ఉండాలి. కేంద్రం విద్యాసంస్థలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లోనూ విద్యార్థులకూ అధ్యాపకులకూ ఉన్న నిష్పత్తికి మార్కులున్నాయి. గెస్ట్ ఫ్యాకల్టీతో ఏళ్ల తరబడి శాఖలు నడిపిస్తూ, ర్యాంకు ఎందుకు పడిపోయిందని మిగిలిన ఆ కొద్దిమందిని నిలదీయడం అన్యాయం.