142857 ఎందుకు అలా తిరుగుతుంది?

142857ని రెండుతో గుణించండి, 285714 వస్తుంది. మూడుతో గుణిస్తే 428571. నాలుగుతో 571428, ఐదుతో 714285, ఆరుతో 857142. ప్రతిసారీ అవే ఆరు అంకెలు, అదే వరసలో. మొదలయ్యే చోటు ఒక్కటే మారుతుంది. ఏడుతో గుణిస్తే మాత్రం 999999.

చాలామంది దీన్ని ఒక గమ్మత్తుగా చూపించి వదిలేస్తారు. నాకైతే అసలు అందమంతా దాని వెనకున్న కారణంలోనే కనిపిస్తుంది. అది తెలియడానికి బడిలో నేర్చుకున్న భాగహారం చాలు.

కాగితం మీద 1ని 7తో భాగించండి. ఒకటిలో ఏడు పోదు కాబట్టి దశాంశ బిందువు పెట్టి, పక్కన సున్నా చేరుస్తాం. పదిలో ఏడు ఒకసారి, శేషం 3. ముప్ఫైలో నాలుగుసార్లు, శేషం 2. ఇరవైలో రెండుసార్లు, శేషం 6. అరవైలో ఎనిమిదిసార్లు, శేషం 4. నలభైలో ఐదుసార్లు, శేషం 5. యాభైలో ఏడుసార్లు, శేషం 1. మొదలుపెట్టింది ఒకటితోనే కదా! ఇక ఎంత దూరం పోయినా 0.142857142857... అంతే.

ఇప్పుడు పైనున్న భాగఫలాన్ని వదిలేసి శేషాలను చూడండి: 1, 3, 2, 6, 4, 5. ఏడుతో భాగిస్తే సున్నా కాకుండా రాగల శేషాలు ఈ ఆరే. ఒక్కటీ తప్పిపోకుండా అన్నీ వచ్చాయి. మరి 3ని 7తో భాగిస్తే? శేషం 3 వచ్చిన చోటినుంచి పాత లెక్కే కొనసాగుతుంది, కొత్తగా చేసేదేమీ లేదు. అందుకే 3/7 విలువ 0.428571... మూడుతో గుణించినప్పుడు మనం చూసింది ఇదే.

సంఖ్యను మధ్యకు విరిచి కలిపినా 142+857=999. దీనికీ శేషాలే కారణం. సగం దారిలో, మూడు అంకెలయ్యాక, శేషం 6. అంటే 857తో మొదలయ్యేది 6/7. 1/7, 6/7 కలిస్తే ఒకటి, కాబట్టి అంకెలు జతజతగా తొమ్మిదవుతాయి.

అన్ని ప్రధాన సంఖ్యలూ ఇలా కుదరవు. 13నే తీసుకోండి. 1/13లో 076923 తిరుగుతుంది, కానీ పన్నెండు శేషాల్లో ఆరే వస్తాయి. శేషం 2 అసలు రానేరాదు. అందుకే 2/13కి 153846 అని వేరే చక్రం ఉంది. 17కి మాత్రం పదహారు శేషాలూ వస్తాయి: 0588235294117647. ముందున్న ఆ సున్నాను తీసేస్తే లెక్క చెడుతుంది. పదికి మించిన దేనితో ఒకటిని భాగించినా మొదట సున్నాయే వస్తుంది మరి. సున్నాతో మొదలుకాని ఇలాంటి సంఖ్య, ఒంటి అంకెలను పక్కన పెడితే, మన దశాంశ పద్ధతిలో 142857 ఒక్కటే.

వందలోపు 25 ప్రధాన సంఖ్యల్లో 7, 17, 19, 23, 29, 47, 59, 61, 97 అనే తొమ్మిదింటికి శేషాలన్నీ వచ్చే ఈ గుణం ఉంది. ఇలాంటివి అనంతంగా ఉంటాయని, మొత్తం ప్రధాన సంఖ్యల్లో దాదాపు 37.4 శాతం ఇవేనని 1927లో గణితజ్ఞుడు ఎమిల్ ఆర్టిన్ ప్రతిపాదించిన ఊహ నుంచి తేలుతుంది. 1967లో క్రిస్టొఫర్ హూలీ దాన్ని నిరూపించాడు, అయితే ప్రధాన సంఖ్యల విస్తరణతో ముడిపడిన సాధారణీకరించిన రీమాన్ పరికల్పన అనే మరో ఊహ నిజమనుకుంటేనే. ఆ పరికల్పనకు ఇప్పటికీ నిరూపణ లేదు.