మూసిన కెమెరా కంట్లో నలుసు

అనంతపురంలో మే నెల వస్తే మిద్దె మీద పడుకోవడం మాకు మామూలే. ఈసారి పక్కన ఫోన్‌ని కూడా పడుకోబెట్టాను, వెనక కెమెరాకు నల్ల ఇన్సులేషన్ టేపు రెండు పొరలు అంటించి. అమ్మ చూసి, "కండ్లకు గంతలు కట్టి ఫోటోలు తీస్తాండావేమిరా?" అంది. అడగాల్సిన మాటే. కానీ నాకు కావాల్సింది వెలుతురు కాదు, వెలుతురు లేనప్పుడు కూడా సెన్సర్‌ని తాకేది.

1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్ల పైకి వెళ్లాడు. నేలలోంచే వస్తోందనుకున్న వికిరణం (రేడియేషన్) పైకి పోయేకొద్దీ తగ్గాలి కదా, అక్కడ పెరిగింది. అంటే పైనుంచే దిగుతోంది! అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు మన గాలిని ఢీకొని, దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తులో మ్యూయాన్లనే కణాలను పుట్టిస్తాయి. వీటి ఆయుష్షు సగటున సెకనులో పదిలక్షో వంతుకు 2.2 రెట్లు మాత్రమే. కాంతి వేగంతో పరిగెత్తినా 660 మీటర్లకే అయిపోవాలి. అంత వేగంలో కాలం మెల్లగా నడుస్తుంది కాబట్టి మన దాకా వస్తాయి. నేల మీద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి.

ఫోన్ సెన్సర్ సగం శెనక్కాయ పప్పంత ఉంటుంది, పావు చదరపు సెంటీమీటరు అనుకోండి. ఆ లెక్కన నాలుగైదు నిమిషాలకు ఒక మ్యూయాన్ దాన్ని దాటాలి. సిలికాన్‌లో దూరినప్పుడు ప్రతి మైక్రానుకూ (మిల్లీమీటరులో వెయ్యో వంతుకు) ఎనభై దాకా ఎలక్ట్రాన్లను లేపుతూ పోతుంది. వెలుతురు చేసేదీ అదే పని. ఎవరు లేపారన్నది కెమెరాకు అనవసరం, అక్కడ ఒక తెల్ల చుక్క పెడుతుంది.

ప్రో మోడ్‌లో, 30 సెకన్ల చొప్పున, రా ఫార్మాట్‌లో తీశాను. మామూలు ఫోటో అయితే ఇలాంటి చుక్కల్ని మచ్చలనుకుని ఫోనే తుడిచేస్తుంది. పొద్దున చూస్తే ఫోటో నిండా చుక్కలే! సంబరం ఎంతోసేపు లేదు. పక్క ఫోటోలోనూ అవే చోట్ల అవే చుక్కలు. అది స్లాబు వేడి. ఏడెనిమిది డిగ్రీలు పెరిగితే సెన్సర్‌లో ఉత్తపుణ్యానికి లేచే ఎలక్ట్రాన్లు రెట్టింపవుతాయి. మా ఊరి ఎండకు పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రికి కూడా చల్లారదు మరి.

మర్నాడు ఫోన్ని కింద ఇంట్లో కడప బండల మీద పెట్టాను. స్లాబు అడ్డం కాదా అంటే, మ్యూయాన్‌కు అదొక లెక్కే కాదు. చుక్కలు బాగా తగ్గాయి. ఇంకో చిక్కు మిగిలింది. మ్యూయాన్లు ఎక్కువగా నిలువునా దిగుతాయి, సెన్సర్‌లో పనిచేసే పొర కొన్ని మైక్రాన్ల మందమే. పడుకున్న ఫోన్‌లో పడేది ఒట్టి చుక్క. గోడకు నిలబెడితే తగిలేవి తగ్గుతాయి గానీ, తగిలినవి గీత గీస్తాయి. నిలబెట్టాను. ఒక ఫోటోలో, బాగా జూమ్ చేస్తే, ఆరేడు పిక్సెళ్ల పొడవున తిన్నని గీత. ముందు ఫోటోలో లేదు, తర్వాతదాంట్లోనూ లేదు.

అయినా ఒట్టేసి చెప్పలేను. మా చుట్టూ ఉన్న గ్రానైటులో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా ఉంటాయి, వాటి వల్ల లేచే ఎలక్ట్రాన్లూ గీతలు పెడతాయి. అమెరికాలో డెకో అనే యాప్ తయారుచేసిన విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు వంకరటింకర గీతల్ని పురుగులని పిలుస్తారు. అవి ఎక్కువగా ఇలాంటి ఎలక్ట్రాన్లవే. పోలండ్‌లో 2016లో మొదలైన క్రెడో అనే ఇలాంటి ప్రాజెక్టుది పెద్ద ఆశ: లోకమంతా ఫోన్లను కలిపి ఆకాశం మీద నిఘా పెట్టాలని. రాత్రంతా ఫోన్ని చార్జింగ్‌లో పెట్టి ముట్టకుండా ఉండేవాళ్లు ఎంతమంది దొరుకుతారో!

నా గీత సంగతి తేల్చడానికి బెలుం గుహలున్నాయి. లోపల పాతాళగంగ దగ్గర లోతు 46 మీటర్లు. అంత రాయి దాటి దిగే మ్యూయాన్లు కొన్నే. అక్కడ తిన్నని గీతలు తగ్గిపోతే నాది పైనుంచి వచ్చినదనే నమ్మకం పెరుగుతుంది. పోల్చడానికి అదే వేళ పైన ఇంకో ఫోన్ నిలబెట్టాలి, దాని కెమెరాకూ టేపు వెయ్యాలి. ఇంట్లో ఉన్న రెండో ఫోన్ అమ్మది. ఇంకా అడగలేదు.